రెండు తెరలు - ఒకే రంగు

ఒకే కంప్యూటరునకు రెండు మానిటర్లు తగిలించి పని చేయువారు నేడు అనేకులు. ఒక తెర చాలనప్పుడు రెండవదానిని ప్రక్కన పెట్టుకొందురు. ఇట్టివారు ఒక ఛాయాచిత్రమును మొదటి తెరనుండి రెండవ తెరకు జరిపి చూచినచో ఒక వింత కనిపించును. మొదటి తెరమీద కుంకుమవలె ఉన్న చీర రెండవ తెరమీద ఇటుకరంగునకు దిగిపోవును. మొదటిదానిలో తెల్లగా ఉన్న గోడ రెండవదానిలో లేత పసుపుగానో, లేత నీలముగానో ఉండును. చిత్రము మారలేదు. కంప్యూటరు మారలేదు. చూచు కన్నులును అవియే. మరి రంగు ఎందుకు మారినది? రెండు తెరలమీదను ఒకే రంగు కనబడునట్లు చేయుట సాధ్యమేనా?

ఈ ప్రశ్న కేవలము వేడుకకు అడుగునది కాదు. వస్త్రములకు నమూనాలు గీయువారు తెరను చూచియే రంగులను నిర్ణయింతురు. శుభలేఖను అచ్చువేయుటకు ముందు దాని రూపమును తెరమీదనే చూపి సమ్మతి పొందుదురు. తెరమీద చూచి తెప్పించుకొన్న చీర ఇంటికి వచ్చిన తరువాత వేరొక రంగులో ఉన్నచో కొన్నవారికిని, అమ్మినవారికిని నష్టమే. వైద్యశాలలో సంగతి ఇంకను గంభీరమైనది. ఎక్స్‌రే చిత్రములో ఒక సన్నని నీడ ఒక తెరపై కనిపించి మరియొక తెరపై కనిపించకపోయినచో రోగనిర్ణయమే తప్పవచ్చును. అందుచేతనే వైద్యచిత్రములను చూపు తెరలలో నలుపునుండి తెలుపు వరకు గల మెట్లు ఎట్లుండవలెనో నిర్ణయించుటకు డైకామ్ ప్రమాణములో ఒక భాగమునే ప్రత్యేకముగా కేటాయించిరి.

సంఖ్య వేరు, రంగు వేరు

కంప్యూటరునకు రంగు అనగా ఏమియో తెలియదు. దానికి తెలిసినవి సంఖ్యలు మాత్రమే. చిత్రములోని ప్రతి బిందువునకును అది మూడు సంఖ్యలను దాచియుంచును. ఒకటి ఎరుపునకు, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి నీలమునకు. సామాన్యముగా ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉండును. ఇట్లు 256 చొప్పున మూడింటిని హెచ్చవేసినచో 1,67,77,216 కలయికలు ఏర్పడును. ఒక కోటి అరువదియేడు లక్షల రంగులని ప్రకటనలలో చెప్పునది ఈ లెక్కయే.

అయితే 255, 0, 0 అనునది ఒక రంగు పేరు కాదు. అది తెరకు ఇచ్చిన ఒక ఆజ్ఞ. ‘నీలోని ఎరుపును పూర్తిగా వెలిగింపుము, తక్కిన రెండింటిని ఆర్పివేయుము’ అని మాత్రమే దాని అర్థము. ఎటువంటి ఎరుపు? ఎంత వెలుగు? ఆ సంగతి ఆజ్ఞలో లేదు. కూరలో మూడు చెంచాల కారము వేయుమని ఇద్దరికి వ్రాసియిచ్చితిమనుకొనుడు. ఒకరి యింట గుంటూరు మిరపకాయల కారమున్నది, మరియొకరి యింట బ్యాడిగి మిరపకాయల కారమున్నది. ఒకరి చెంచా చిన్నది, మరియొకరిది పెద్దది. ఇద్దరును చెప్పినట్లే చేసిరి, కాని కూరలు ఒకే రుచిలో ఉండవు. రెండు తెరల సంగతియు ఇంతే. రెండును ఆజ్ఞను పాటించినవి. ఆజ్ఞయే అసంపూర్ణమైనది.

తెరలు ఎక్కడెక్కడ భేదించును?

మానిటరు తెరను భూతద్దముతో చూచినచో ప్రతి బిందువులోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము గల సన్నని గడులు కనిపించును. ఎల్‌సీడీ తెరలో ఈ గడులు తమంతట వెలుగవు. వెనుకనున్న దీపపు కాంతిని ద్రవస్ఫటికములు తలుపులవలె అడ్డగించుచు, వదలుచు ఉండును. ఆ కాంతి రంగు వడపోతలగుండా మనకు చేరును. ఓలెడ్ తెరలో వెనుక దీపము లేదు. గడులే స్వయముగా వెలుగును. ఇట్లు నిర్మాణములోనే భేదములుండుటవలన రెండు తెరలు నాలుగు విషయములలో వేరుపడును.

మొదటిది మూలవర్ణములు. చౌకరకపు ఎల్‌సీడీ తెరలలో సామాన్యముగా వెనుక దీపము నీలికాంతినిచ్చు ఎల్‌ఈడీ. దానిపై పూసిన పదార్థము ఆ నీలికాంతిలో కొంత భాగమును పసుపుగా మార్చగా, రెండును కలిసి తెల్లగా తోచును. ఇట్టి కాంతిలో శుద్ధమైన ఎరుపు తక్కువ. ఖరీదైన తెరలలో సన్నని పట్టీలవంటి ఎరుపును, ఆకుపచ్చను ఇచ్చు పదార్థములు వాడుదురు. వాని రంగులు మిక్కిలి గాఢముగా ఉండును.

రెండవది తెలుపు. మూడు గడులను పూర్తిగా వెలిగించినచో తెలుపు వచ్చును. కాని ఏ తెలుపు? కాల్చిన ఇనుము మొదట ఎర్రగా, వేడి హెచ్చినకొలది పసుపుగా, తరువాత తెల్లగా మారుట మనమెరిగినదే. వస్తువును ఇంకను వేడి చేయగలిగినచో దాని కాంతి నీలమువైపు మొగ్గును. అందుచేత తెలుపులోని ఛాయను ఉష్ణోగ్రతతో చెప్పుట అలవాటైనది. మానిటరు మెనూలో 5000, 6500, 9300 అను సంఖ్యలు కనిపించుటకు కారణమిదే. ఇవి కెల్విన్ డిగ్రీలను సూచించును. మొదటిది పసుపువైపు, చివరిది నీలమువైపు ఉండును. పగటివెలుగునకు దగ్గరగా నుండు 6500 నేడు తెరలకు సామాన్య ప్రమాణము.

మూడవది మెట్ల తీరు. 128 అను సంఖ్య 255లో సగము కదా, వెలుగును సగమే వచ్చునని తోచును. వాస్తవమున వచ్చునది పూర్తి వెలుగులో సుమారు 22 శాతము మాత్రమే. మన కన్ను చీకటి ఛాయలలోని చిన్న భేదములను బాగుగా పట్టును గనుక మెట్లను అటువైపు దగ్గరదగ్గరగా అమర్చిరి. ఈ వంపునకు గామా అని పేరు. దాని విలువ సామాన్యముగా 2.2. ఒక తెరకు 2.2, మరియొక తెరకు 1.8 ఉన్నచో తెలుపును, నలుపును సరిపోయినను నడిమి ఛాయలన్నియు వేరుగా ఉండును. ముఖచ్ఛాయలు మొట్టమొదట చెడిపోవునవి ఇక్కడనే.

నాలుగవది మొత్తము వెలుగు. దీనిని చదరపు మీటరునకు ఇన్ని కాండెలాలని కొలుతురు. ఒకే రంగు మసకగా ఉన్నప్పుడు ఒక తీరుగను, ప్రకాశముగా ఉన్నప్పుడు మరియొక తీరుగను తోచును. కావున వెలుగులు సమానము కానంతవరకు రంగులు సమానమగుట లేదు.

కన్ను చేయు సర్దుబాటు

ఒకే తెర ఉన్నవారికి ఈ చిక్కు తెలియదు. ఏలయనగా మన కన్ను పరిసరములలోని తెలుపునకు తన్నుతాను సర్దుకొనును. మల్లెపూవును మిట్టమధ్యాహ్నపు టెండలో చూచినను, రాత్రి దీపపు పసుపు వెలుతురులో చూచినను మనకది తెల్లగానే తోచును. అట్లే ఒంటరి తెర ఎంత నీలముగా ఉన్నను కొద్ది నిమిషములలో దాని తెలుపే తెలుపని కన్ను ఒప్పుకొనును. రెండు తెరలు ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు కన్ను రెండింటికిని ఒకేమారు సర్దుకొనజాలదు. అందుచేత ప్రక్కన పెట్టి పోల్చుట అన్నిటికంటె కఠినమైన పరీక్ష.

కంటిలో ఇంకొక విశేషమున్నది. రంగులను గుర్తించు శంకుకణములు మూడు రకములు. ఒక రకము దీర్ఘతరంగములకు, ఒక రకము మధ్యమ తరంగములకు, ఒక రకము హ్రస్వతరంగములకు ఎక్కువగా స్పందించును. కంటికి చేరిన కాంతిలో ఎన్ని తరంగములున్నను మెదడునకు అందునవి ఈ మూడు స్పందనలే. సోడియం దీపపు పసుపు సుమారు 589 నానోమీటర్ల తరంగము. కంప్యూటరు తెరమీది పసుపులో ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిసియుండును. ఈ రెండు పసుపులును భౌతికముగా వేర్వేరైనను, శంకుకణములలో ఒకే స్పందనను కలిగించినచో కంటికి ఒక్కటే. ఈ మూడింటి ఊహను 19వ శతాబ్ది ఆరంభమున థామస్ యంగ్ ప్రతిపాదించెను. హెల్మ్‌హోల్ట్జ్ దానిని విస్తరించెను. మాక్స్‌వెల్ 1861లో మూడు రంగుల కాంతులను కలిపి ఒక రంగు ఛాయాచిత్రమును తెరపై చూపెను. నేటి మానిటరు ఆ సూత్రము మీదనే నడచుచున్నది.

అందరికి ఒకే మానిక

రెండు తెరలను సరిపోల్చవలెనన్నచో రెండింటికిని చెందని మూడవ కొలత ఒకటి కావలెను. ఊరికొక మానిక ఉన్న కాలములో రెండు ఊళ్ల ధాన్యపు లెక్కలు కలిసెడివి కావు. ముద్రవేసిన మానిక వచ్చిన తరువాతనే తగవు తీరినది. రంగునకు అట్టి మానికను 1931లో అంతర్జాతీయ దీపన సంఘము ఏర్పరచినది. దీనిని సీఐఈ అందురు.

ఆ కొలతకు ఆధారమైన ప్రయోగము మన రెండు తెరల సమస్యను పోలియే ఉన్నది. ఇంగ్లండులో డేవిడ్ రైట్, జాన్ గిల్డ్ అను శాస్త్రజ్ఞులు 1920ల చివరి సంవత్సరములలో దీనిని వేర్వేరుగా నడపిరి. పరిశీలకునకు ఒక చిన్న కాంతివలయము కనిపించును. అందు ఒక అర్ధభాగములో పరీక్షించవలసిన రంగు, రెండవ అర్ధభాగములో ఎరుపు, ఆకుపచ్చ, నీలముల మిశ్రమము ఉండును. రెండు భాగముల నడుమ గీత మాయమగువరకు పరిశీలకుడు మిశ్రమమును మార్చుచుండును. ఏ పాళ్లలో కలిపినప్పుడు గీత మాయమైనదో వ్రాసికొందురు. రైట్ 10 మందితోను, గిల్డ్ 7 గురితోను ఈ ప్రయోగము చేసిరి. ఈ 17 గురి ఫలితములనుండి ప్రమాణ పరిశీలకుడు అను ఒక కల్పిత నేత్రము ఏర్పడినది. ఈ నేత్రము నిర్ణయించినట్లు ప్రతి రంగునకును ఒక పటముపై ఒక స్థానము కలదు.

ఈ పటముపై ప్రతి తెరయు ఒక త్రిభుజము. దాని మూడు మూలవర్ణములు మూడు శీర్షములు. త్రిభుజము లోపలి రంగులను మాత్రమే ఆ తెర చూపగలదు. సామాన్య మానిటర్లకు, అంతర్జాలమునకు ఆధారమైన ఎస్‌ఆర్‌జీబీ అను ప్రమాణమును 1996లో హ్యూలెట్ పాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించినవి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇందు ఎరుపు శీర్షము 0.64, 0.33 అను స్థానమున ఉన్నది. నేటి అనేక ల్యాప్‌టాప్‌లు, ఫోనులు అనుసరించు డిస్‌ప్లే పీ3 అను విశాలమైన త్రిభుజములో అది 0.68, 0.32. రెండు త్రిభుజములకును తెలుపు ఒక్కటే: 0.3127, 0.3290.

రంగు నిలువవలెనన్నచో సంఖ్య మారవలెను

ఇప్పుడు ఎస్‌ఆర్‌జీబీ తెరమీది 255, 0, 0 అను ఎరుపును పీ3 తెరమీద చూపవలెననుకొందము. అవే సంఖ్యలను పంపినచో పీ3 తెర తన గాఢమైన ఎరుపును చూపును, రంగు తప్పిపోవును. సరియైన ఎరుపు రావలెనన్నచో దానికి పంపవలసిన సంఖ్యలు సుమారు 234, 51, 35. అనగా ఎరుపును కొంత తగ్గించి, ఆకుపచ్చను, నీలమును కొద్దిగా కలుపవలెను. సంఖ్యలు వేరైనవి గనుకనే రంగు ఒకటైనది. ఈ వ్యాసమునందలి ముఖ్యవిషయమంతయు ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నది.

ఈ మార్పును ప్రతి బిందువునకును మనము చేయలేము. కంప్యూటరు చేయవలెను. అందుకు ప్రతి తెరకును ఒక జాతకము ఉండవలెను. దాని శీర్షములెక్కడ, తెలుపెక్కడ, గామా ఎంత అను వివరములు అందులో ఉండును. దీనికి ప్రొఫైలని పేరు. కొన్ని సంస్థలు కలిసి 1993లో స్థాపించిన అంతర్జాతీయ వర్ణసంఘము దీని వ్రాతపద్ధతిని నిర్ణయించినది. చిత్రమునకు ఒక ప్రొఫైలు, తెరకు ఒక ప్రొఫైలు ఉన్నచో కంప్యూటరు మొదటిదానినుండి రెండవదానికి సంఖ్యలను తర్జుమా చేయును. అయితే ప్రొఫైలును చదువని ప్రోగ్రాములు కొన్ని గలవు. వానిలో తెరిచిన చిత్రము విశాలమైన తెరమీద అతిగాఢముగా కనిపించును. ఒకే తెరపై రెండు ప్రోగ్రాములలో రంగు భేదించినచో కారణము ఇదియేయని ఊహింపవచ్చును.

ఇంటిలో చేయదగిన పద్ధతి

మొట్టమొదట రెండు తెరలను అరగంటసేపు వెలుగనీయవలెను. చల్లగా ఉన్న తెర వెలుగు స్థిరముగా ఉండదు. తెరమీద ఎండగాని, దీపపు కాంతిగాని సూటిగా పడరాదు. రాత్రివేళ తెరను పసుపుగా మార్చు సదుపాయమును, గది వెలుతురునుబట్టి తెర వెలుగును మార్చు సదుపాయమును, రంగులను ఉజ్జ్వలము చేయు ఏర్పాటులను అన్నిటిని నిలిపివేయవలెను. రెండు తెరలును కంటికి ఎదురుగా, ఒకే ఎత్తున ఉండవలెను. కొన్ని రకముల ఎల్‌సీడీ తెరలను ప్రక్కనుండి చూచినచో రంగు మారిపోవును.

తరువాత రెండింటిలో బలహీనమైనది ఏదియో గుర్తింపవలెను. చిన్న త్రిభుజము గలది, వెలుగు తక్కువ గలది బలహీనమైనది. దానినే ఆధారముగా పెట్టుకొనవలెను. ఏలయనగా బలమైన తెర దిగిరాగలదు గాని, బలహీనమైనది పైకి పోజాలదు. ఎస్‌ఆర్‌జీబీ తెరను పీ3 ఎరుపు చూపుమన్నచో ఎరుపు 255ను దాటవలెను, ఆకుపచ్చ సున్నకంటె తగ్గవలెను. అది అసాధ్యము. విశాలమైన తెర మెనూలో ఎస్‌ఆర్‌జీబీ అను పద్ధతి ఉన్నచో దానిని ఎన్నుకొనిన సగము పని తీరును.

ఇక రెండు తెరలపైన తెల్లని పుటను తెరచి ప్రకాశముగా ఉన్నదానిని తగ్గింపవలెను. సామాన్యమైన గదిలో చదరపు మీటరునకు 100 నుండి 120 కాండెలాలు చాలును. తెలుపును రెండింటను 6500కు, గామాను 2.2కు పెట్టవలెను. అప్పటికిని తెలుపులు కలియనిచో మెనూలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలములలో ఎక్కువగా ఉన్నదానిని తగ్గింపవలెను, తక్కువైనదానిని పెంచరాదు. ఈ సవరణను వీలైనంతవరకు మానిటరులోనే చేయవలెను. కంప్యూటరులో చేసినచో మెట్లు పోవును. నీలమును 255 బదులు 200 వద్ద ఆపినచో 256 మెట్లకు మారుగా 201 మాత్రమే మిగులును. ఆకాశమువంటి నునుపైన భాగములలో చారలు కనిపించును.

రంగుమీద జీవనము ఆధారపడినవారికి ఇంతమాత్రము చాలదు. వారు కలరీమీటరు అను చిన్న పరికరమును వాడవలెను. దీనిని తెరకు ఆనించి పెట్టినచో ప్రోగ్రాము ఒకదాని తరువాత ఒకటిగా రంగులను చూపును. పరికరము వానిని ప్రమాణ పరిశీలకుని కంటితో కొలుచును. ఆ కొలతలనుండి తెర ప్రొఫైలు తయారగును. కోరిన రంగునకు, కనిపించిన రంగునకు గల దూరమును డెల్టా ఈ అను సంఖ్య తెలుపును. అది 1కంటె తక్కువయినచో సామాన్యముగా కన్ను భేదమును పట్టజాలదు. తెరల దీపములు కాలక్రమమున మారును గనుక ఈ కొలతను అప్పుడప్పుడు మరల చేయవలెను.

కొలత కలిసినను కన్ను ఒప్పనప్పుడు

ఇంత చేసిన తరువాత ఒక చిక్కు రావచ్చును. పరికరము రెండు తెల్లలును ఒక్కటేయని చెప్పును. కంటికి మాత్రము ఒకటి ఆకుపచ్చ కలిసిన పసుపుగా తోచును. ముఖ్యముగా ఒకటి ఓలెడ్, మరియొకటి ఎల్‌సీడీ అయినప్పుడు ఇట్లు జరుగును. ఇందు పరికరము దోషము కొంత ఉండవచ్చును. కలరీమీటరులోని వడపోతలు ప్రమాణ నేత్రమును ఉజ్జాయింపుగా మాత్రమే అనుకరించును. అందుచేత ఏ రకపు తెరను కొలుచుచున్నామో ప్రోగ్రామునకు చెప్పవలెను. కాని అసలు కారణము లోతైనది. 1931నాటి ప్రమాణ నేత్రము 17 గురి సగటు. నీలము చివరి తరంగములకు అది ఇచ్చిన విలువలు తక్కువయని తరువాత తేలినది. 1951లో జడ్ అను శాస్త్రజ్ఞుడు వానికి సవరణ ప్రతిపాదించెను. అయినను పాత ప్రమాణమే నేటికిని వాడుకలో నిలిచియున్నది.

మరియు ఏ ఇద్దరి కన్నులును ఒకటి కావు. వయస్సుతోపాటు కంటికటకము పసుపెక్కి నీలికాంతిని కొంత మ్రింగివేయును. రెటీనా నడుమనున్న పసుపుపదార్థము మనిషి మనిషికి భేదించును. సన్నని తరంగపట్టీలను వెలువరించు తెరలలో ఈ భేదములు మరింత బయటపడును. ఇరువదియేండ్ల యువకుడు ‘రెండును ఒక్కటే’ అనగా, అరువదియేండ్ల పెద్ద ‘కాదు’ అనవచ్చును. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు.

దీనికి నిపుణులు ఒక ఉపాయమును అనుసరింతురు. మొదటి తెరను ప్రమాణము ప్రకారము పరికరముతో అమర్చుదురు. రెండవ తెర తెలుపును మాత్రము మొదటిదానికి సరిపోవువరకు కంటితో చూచి సవరింతురు. కన్ను ఒప్పుకొనిన తరువాత ఆ తెలుపును పరికరముతో కొలిచి, వచ్చిన స్థానమునే రెండవ తెరకు లక్ష్యముగా పెట్టుదురు. తక్కిన మెట్లను, రంగులను పరికరమే సరిచేయును. తెలుపును నిర్ణయించుట కంటిపని, తక్కినదంతయు పరికరముపని. వర్ణాంధత్వము గలవారు ఈ మొదటి సవరణను ఇతరులచేత చేయించుట మేలు.

కొన్ని భేదములు ఎంత శ్రమించినను పోవు. ఓలెడ్ తెరలో నలుపు అనగా వెలుగు లేకుండుటయే. ఎల్‌సీడీలో తలుపులు పూర్తిగా మూసినను వెనుక దీపపు కాంతి కొంత కారును. అందుచేత చీకటిగదిలో వాని నలుపులు కలియవు. అద్దమువంటి తెరకు, గరుకు తెరకు ప్రతిబింబములలోని భేదమును అట్లే నిలిచియుండును. ఇట్టి సందర్భములలో రెండింటిలో ఒకదానిని ముఖ్యమైనదిగా ముందే నిర్ణయించుకొని, రంగునకు సంబంధించిన తీర్పులన్నియు దానిమీదనే చేయుట మంచిది. రెండవదానిని ఉత్తరములకు, లెక్కలకు వాడుకొనవచ్చును.

చిత్రమును ఇతరులకు పంపునప్పుడు దానితో ప్రొఫైలును జతచేయుట మరువరాదు. ప్రొఫైలు లేని సంఖ్యలను అందుకొన్న తెర వానికి తనకు తోచిన అర్థమును చెప్పుకొనును. వస్త్రమైనను, అచ్చుకాగితమైనను రంగు మిక్కిలి ముఖ్యమైనచో తెరమీది చిత్రముతో తృప్తిపడక, చిన్న నమూనాను తెప్పించి పగటివెలుగులో చూచిన తరువాతనే తుది అనుమతి ఇయ్యవలెను.